అత్తగారి క్యాబేజీ రాయి

ఆ శనివారానికి లుబెన్ జాగొరోవ్ వేసుకున్న పథకం చాలా చిన్నది. పదింటిదాకా తవ్వకం దగ్గర ఉండాలి. పదకొండింటికి బజారుకెళ్ళి అత్తగారినీ, ఆవిడ కొన్న నలభై కిలోల క్యాబేజీనీ కారెక్కించుకోవాలి. మధ్యాహ్నానికల్లా అపార్టుమెంటు కింద సెల్లార్లో ఉన్న పీపాలోకి ఆ క్యాబేజీ దింపించి, సాయంత్రం కాళ్ళు చాపుకుని ఫుట్‌బాల్ చూడాలి. అక్టోబరు నెలలో ప్లోవ్‌దివ్ ఊళ్ళో పెళ్ళయిన మగవాడికి ఇంతకంటే గొప్ప శనివారం దొరకదు.

ఇందులో ఒకే ఒక్క చిక్కు. రాయి లేదు.

పీపాలో క్యాబేజీ ఊరాలంటే పైన బరువుండాలి. లేకపోతే ఆకులు తేలతాయి, తేలితే బూజు పడుతుంది, బూజు పడితే చలికాలమంతా ఇంటిల్లిపాదీ అత్తగారి ముఖం చూడాలి. అత్తగారు వెలికా తన పెళ్ళినాడు పుట్టింటి నుంచి తెచ్చుకున్న రాయి ఒకటి నలభై ఆరేళ్ళు పనిచేసింది. వేసవిలో సెల్లార్‌కు వెల్ల వేస్తూ లుబెన్ బావమరిది దాన్ని మెట్ల మీద జారవిడిచి రెండు ముక్కలు చేశాడు. వాడిప్పటికీ ఆ ఇంటి గుమ్మం తొక్కలేదు.

"ఏమయ్యా అల్లుడూ," అంది వెలికా గారు పొద్దున్నే ఫోన్లో. "ముప్పయ్యేళ్ళుగా రాళ్ళ మధ్యే బతుకుతున్నావు. నాకొక్క రాయి తెచ్చిపెట్టలేవూ?"

"అత్తయ్యా, అవి ప్రభుత్వం రాళ్ళండీ."

"అన్నీనా?"

"అన్నీ."

"మా అమ్మాయిని అడగడానికొచ్చినప్పుడు మ్యూజియంలో పెద్ద ఉద్యోగమన్నావు! రాయి మీద కూడా చెల్లుబడి లేని ఉద్యోగం ఏం ఉద్యోగమయ్యా?"

లుబెన్‌కు ఏటా వినేదే అయినా, ఈసారి ఎందుకో ఆ మాట గుచ్చుకుంది.

లుబెన్ సంగతి ఇక్కడ కాస్త చెప్పాలి. ఊరి నడిబొడ్డున పాత సినిమా హాలు కూల్చేసి, అక్కడ ఆరంతస్తుల భవనమూ, దాని కింద రెండంతస్తుల కార్ల పార్కింగూ కడదామని ఒక కంపెనీ గొయ్యి తవ్వింది. రెండు మీటర్లు దిగేసరికి గోడలు బయటపడ్డాయి. మ్యూజియం వాళ్ళు లుబెన్‌ను పంపారు. వచ్చిన మొదటిరోజే అతను గేటు మీద తన చేత్తో రాసి ఒక బోర్డు పెట్టించాడు: "ఇక్కడి నుంచి గులకరాయి కూడా బయటికి పోరాదు. పట్టుకుపోయినవాడు ఊరిని దోచినవాడు. — లు. జాగొరోవ్." ఊరికే రాయలేదు, అమలు కూడా చేశాడు. జూన్ నెలలో మిన్చో మేస్త్రీ అన్నం సంచీ అందరి ముందూ బోర్లించి, అందులో దొరికిన పెంకుముక్క పట్టుకుని అరగంట ఉపన్యాసమిచ్చాడు. పాపం, ఆ మేస్త్రీ దాన్ని తోపుడుబండి చక్రం కింద అడ్డుగా పెట్టుకుని, పనయ్యాక మరిచిపోయి సంచీలో వేసుకున్నాడు. అరవై రెండేళ్ళ మనిషి, తలవంచుకుని అంతా విని, "పొరపాటైంది సారూ," అన్నాడు. ఆ మాట అనిపించుకున్నందుకు లుబెన్ ఆ సాయంత్రం ఇంట్లో గర్వంగా చెప్పుకున్నాడు కూడా.

గురువారం నాడు ఆ గోతిలో ఒక పలక దొరికింది. పళ్ళెమంత వెడల్పు, బెత్తెడు మందం, ఈ ఊరి కొండల్లో దొరికే నల్లటి కొండరాయి. తర్వాతి కాలం వాళ్ళెవరో దాన్ని గోడలో పెట్టేసి సున్నం మెత్తారు. ఆ సున్నం బండలా గట్టిపడి ఉంది. ఒక్క అంచున మాత్రం పాత గ్రీకు అక్షరాల్లో రెండు మాటలు కనిపిస్తున్నాయి: "జలదేవతల చోటు". లుబెన్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎందుకంటే వచ్చే శుక్రవారం రాజధాని నుంచి పురాతన కట్టడాల సంఘం వాళ్ళు వస్తున్నారు. ఇది గుడి ఆవరణ అని నమ్మితే గోతిని అలాగే ఉంచి పైన అద్దం వేయిస్తారు. నమ్మకపోతే ఫొటోలు తీసుకుని, ఇసుక పోసి, కాంక్రీటు పోయమంటారు. నమ్మించడానికి లుబెన్ చేతిలో ఉన్నది ఆ రెండు మాటలే. మిగతా సున్నం చాకుతో గీకి తీయాలంటే మూడు నెలలు పడుతుందని మ్యూజియం వాళ్ళు చెప్పేశారు. అతను పలకను గోనెపట్టాలో చుట్టి, రేకుల షెడ్డులో తన బల్ల కింద పెట్టుకున్నాడు.

శనివారం తొమ్మిదిన్నరకు కంపెనీ యజమాని గెర్గోవ్ మాట్లాడాలని కబురు పెట్టాడు. లుబెన్ పోతూ పోతూ మేస్త్రీని పక్కకు పిలిచాడు.

"మేస్త్రీ, చిన్న పని." గొంతు తగ్గించాడు. "పారేసే రాళ్ళ కుప్పలోంచి ఒక పలకరాయి చూసి నా కారు డిక్కీలో పడెయ్యండి. కొండరాయే సుమండీ, సున్నపురాయి వద్దు, క్యాబేజీ మెత్తబడిపోతుంది. మా అత్తగారికి."

మిన్చో ఒక్క క్షణం గేటు మీది బోర్డు వైపు చూశాడు. "అలాగే సారూ," అన్నాడు.

గెర్గోవ్‌తో గొడవ ముగించుకుని లుబెన్ వచ్చేసరికి డిక్కీలో పని పూర్తయింది. "పెట్టాను సారూ, గోనె చుట్టే పెట్టాను," అని మేస్త్రీ చేతులు దులుపుకున్నాడు. "నేనింక ఊరెళ్తాను. ఊరుమ్మడి సారా బట్టీ దగ్గర మా వంతు ఇవాళ్టి నుంచే. వారం సెలవు చెప్పాను కదా." బరువైన సంచీ ఒకటి భుజానేసుకుని వెళ్ళిపోయాడు. పన్నెండింటికల్లా లుబెన్ అత్తగారి సెల్లార్లో ఉన్నాడు. మూడో అంతస్తు నుంచి ఉప్పు బస్తా మోసుకొచ్చేలోపలే ఆవిడ రాయిని గోనె విప్పి, రెండు బకెట్ల నీళ్ళతో కడిగి, క్యాబేజీ మీదికి దింపేసింది.

"రాయి బాగుందయ్యా," అంది. లుబెన్ పెళ్ళయ్యాక ఆవిడ నోట విన్న మొదటి మెప్పు అది. "కాస్త సున్నం పట్టి ఉంది. ఏదో గీతల్లా కూడా ఉన్నాయి, నా కళ్ళద్దాలు పైన మరిచిపోయాను. పోన్లే, రాయికి అందమెందుకు?"

లుబెన్ పొంగిపోయాడు. ఆ సాయంత్రం ఫుట్‌బాల్ కూడా వాళ్ళ జట్టే గెలిచింది.

సోమవారం ఉదయం షెడ్డు తెరిచి బల్ల కింద చెయ్యి పెట్టాడు. నేల తగిలింది. వంగి చూశాడు. పడుకుని చూశాడు. షెడ్డంతా తిరగేశాడు, బీరువా జరిపించాడు, కుర్చీలు బయట పడేయించాడు. పారేసే రాళ్ళ కుప్పలో చూద్దామంటే కుప్పే లేదు, శుక్రవారం సాయంత్రమే లారీ వచ్చి పట్టుకుపోయిందట. ఆ మాట విన్నప్పుడైనా శనివారం తన డిక్కీలోకి రాయి ఎక్కడ నుంచి వచ్చిందని అతను అనుకోవాలి. అనుకోలేదు. ముప్పయ్యేళ్ళుగా అందరినీ అనుమానించినవాడికి తన కారు డిక్కీని అనుమానించే అలవాటు లేదు.

"మిన్చో ఎక్కడ?" అని అరిచాడు.

"శనివారం ఊరెళ్ళాడు సార్," అన్నాడు ఒక కూలీ.

"చేతిలో ఏమైనా ఉందా?"

"సంచీ ఉంది సార్. బరువుగానే ఉంది. ఒక పక్కకు వంగిపోయి నడిచాడు."

ఫోన్ చేస్తే మేస్త్రీ ఫోన్ పలకలేదు. సారా బట్టీ కొండ సందులో ఉంది, అక్కడ ఫోన్లు పలకవు. ఇంతలో గెర్గోవ్ వచ్చి సంగతి విని, "పోతే పోయిందిలెండి, అందరికీ శ్రమ తగ్గింది," అని నవ్వాడు. ఆ నవ్వుతో లుబెన్ బుర్రలో లెక్క కుదిరిపోయింది. కంపెనీ పురమాయించింది, మేస్త్రీ ఎత్తుకుపోయాడు! జూన్ నెలలో పెంకుముక్కతో మొదలెట్టినవాడు అక్టోబరుకి శాసనం దాకా వచ్చాడు!

అతను పోలీసులను పిలిచాడు. పోలీసుల వెనకాలే టీవీ వచ్చింది. మైకు చూడగానే లుబెన్‌కు ఎక్కడలేని మర్యాదా పుట్టుకొచ్చింది. "నేను ఎవరి పేరూ చెప్పను," అన్నాడు కెమెరాలోకి చూస్తూ. "కానీ మా దగ్గర మేస్త్రీ ఒకాయన శనివారం నుంచి కనిపించడం లేదు. ఇదివరకు కూడా ఆయన సంచీలో మాకు కొన్ని దొరికాయి." పెంకుముక్క కాస్తా 'కొన్ని' అయిపోయింది.

మంగళవారం రాత్రి వార్తల్లో అది మూడుసార్లు వేశారు. బుధవారం గేటు ముందు ముప్పై మంది చేరారు, గురువారానికి మూడొందలయ్యారు. "మా రాయి మాకివ్వండి" అని అట్టలు పట్టుకున్నారు. పోలీసులు కంపెనీ లారీలన్నీ ఆపి సోదా చేశారు. మేస్త్రీ ఊరికెళ్ళి, కొండ సందులో బట్టీ దాకా ఎక్కకుండానే, అక్కడి ఇళ్ళలో సారా పీపాలు పదకొండింటి మూతలు తీయించి, లోపల కర్ర పెట్టి కలిపి చూశారట. ఊరి సారాలో పోలీసు కర్ర పెట్టించినవాడిని ఆ ఊరు ఎలా చూసి ఉంటుందో ఊహించుకోవచ్చు.

వెలికా గారైతే టీవీ ముందు నుంచి లేవలేదు. అపార్టుమెంటులో ఆడవాళ్ళందరి చేతా సంతకాలు పెట్టించింది. "ఊరి సొమ్ము ఎత్తుకుపోయిన వెధవ చేతులు విరగ్గొట్టాలి," అని మెట్ల మీద ఎవరు కనిపిస్తే వాళ్ళతో అంది. రోజూ పొద్దునా సాయంత్రం సెల్లార్‌కు దిగి, పీపా అడుగున కుళాయి తిప్పి, ఊట బకెట్లో పట్టి, మళ్ళీ పైనుంచి పోస్తూ కూడా అదే మాట అంది. ఊట సరిగ్గా కలియబెట్టకపోతే పైన ఉప్పు తగ్గిపోతుంది.

గురువారం మధ్యాహ్నం ఆవిడ నుంచి ఫోన్ వచ్చింది. లుబెన్ అప్పుడే మరో చానెల్‌కు మాట్లాడి ఉన్నాడు.

"అల్లుడూ, నన్ను మోసం చేశావు."

"ఏమైందత్తయ్యా?"

"కొండరాయన్నావు. నాలుగు రోజులుగా ఊటలో బుడగలొస్తున్నాయి. ఇవాళ తెల్లటి పెచ్చులు తేలాయి. ఇది సున్నపురాయి కాదూ? నలభై కిలోలు నీ మూలంగా పోతే ఊరుకోను, చెప్తున్నా."

"సున్నపురాయి కాదండీ, పైనేదో పట్టిన..." అన్నాడు లుబెన్. అని ఆగిపోయాడు. పైన సున్నం పట్టిన కొండరాయి. పళ్ళెమంత వెడల్పు. గోనె చుట్టే పెట్టాను సారూ.

కారు ఎలా నడిపాడో అతనికి తెలియదు. సెల్లార్లో దీపం వేసి, కోటు విప్పకుండానే చెయ్యి భుజందాకా పీపాలో దింపాడు. ఊట చల్లగా ఉంది. వేళ్ళకు రాయి తగిలింది. రాయి మీద గాడి తగిలింది. గాడి పక్కన గాడి. కళ్ళు మూసుకుని వేళ్ళతోనే చదివాడు. 'జలదేవతల చోటు'.

"ఏమయ్యా, అలా నీలుక్కుపోయావు? కరెంటు కొట్టిందా?" అంది వెలికా గారు.

"అత్తయ్యా," అన్నాడు లుబెన్, చెయ్యి అలాగే ఉంచి. "టీవీలో వెతుకుతున్న రాయి ఇదే."

ఆవిడ బోర్లించిన బకెట్ మీద మెల్లగా కూర్చుంది. పెళ్ళయ్యాక ఈ నలభై ఆరేళ్ళలో ఆవిడ అంతసేపు ఊరుకున్నది భర్త పోయిన రోజొక్కటే.

"అంటే చేతులు విరగ్గొట్టాలని మూడు రోజులుగా నేనంటున్నది..."

"నన్నేనండీ."

"నూట నలభై సంతకాలు పెట్టించాను కదయ్యా!"

లుబెన్ పీపా అంచు పట్టుకుని నిలబడ్డాడు. ఒళ్ళంతా సిగ్గుతో మండిపోతోంది. చేతి నుంచి ఊట కారుతోంది, దాన్ని తుడుచుకోవాలని కూడా తోచలేదు. మేస్త్రీ ముఖం గుర్తొచ్చింది. జూన్ నెలలో ఎండలో తలవంచుకుని నిలబడ్డ ముఖం. తను అడిగినందుకు సాయం చేసిన మనిషిని తను టీవీకెక్కి దొంగను చేశాడు. ఆ క్షణంలో పోలీసులకు ఫోన్ చేసి ఉంటే కథ అక్కడితో అయిపోయేది. ఫోన్ రెండుసార్లు తీశాడు, రెండుసార్లూ జేబులో పెట్టేశాడు. ఏమని చెబుతాడు? మా అత్తగారి క్యాబేజీ మీద ఉందండీ అనా?

"రేపు పొద్దున్నే ఎవరూ రాకముందే పట్టుకెళ్ళి షెడ్డులో పెట్టేస్తాను," అన్నాడు చివరికి. "బీరువా వెనకాల దొరికిందంటాను."

వెలికా గారు అతని వైపు చూసిన చూపు బాగాలేదు. కానీ అల్లుడు, ఏం చేస్తుంది? రాయి తీసి సబ్బుతో రుద్దింది, సోడా చల్లి రుద్దింది. కంపు పోలేదు. ఆరు రోజులు ఊరిన రాయి లోపలి నుంచి వాసన కొడుతోంది. ఆఖరికి పైకెళ్ళి పండగలకని దాచుకున్న పన్నీరు సీసా తెచ్చి మొత్తం ఒంపేసింది. ఇప్పుడు రాయి గులాబీ తోటలో క్యాబేజీ కుళ్ళినట్టు కంపు కొట్టసాగింది.

శుక్రవారం ఏడింటికి లుబెన్ అత్తగారి చక్రాల సంచీలో రాయి పెట్టుకుని లాక్కుంటూ బయల్దేరాడు. ఏడింటికి గేటు దగ్గర పిట్ట కూడా ఉండదనుకున్నాడు. మలుపు తిరిగేసరికి మూడొందల మందీ ఉన్నారు. టీవీ వాన్ ఉంది. సంఘం వాళ్ళు పదింటి బండికి రావాల్సినవాళ్ళు, ముందురోజే వచ్చి హోటల్లో దిగి, పొద్దున్నే నడిచి వచ్చేశారు. అతన్ని చూడగానే జనం చప్పట్లు కొట్టారు.

"జాగొరోవ్ సార్, మీరు వెనక్కి తగ్గకండి!"

"ఈ ఊళ్ళో నిజాయితీ గల మగాడు మీరొక్కరే సార్!"

ఒక ముసలావిడ అతన్ని కావలించుకుని ఏడ్చింది, అప్పుడే కాల్చిన జున్ను రొట్టె కాగితంలో చుట్టి అతని జేబులో కుక్కింది. లుబెన్‌కు నడక రావడం లేదు. వెనకాల చక్రాల సంచీ నుంచి చుక్కా చుక్కా కారుతూ రోడ్డు మీద తడిగీత పడుతోంది. "ఏమిటో క్యాబేజీ వాసన వస్తోంది," అన్నారు ఎవరో. "అక్టోబరు కదమ్మా," అన్నారు ఇంకొకరు. ఇద్దరినీ వాటేసుకోవాలనిపించింది లుబెన్‌కు.

సంఘం అధ్యక్షురాలు కొలారోవా గారు సన్నగా, పొడుగ్గా, ఎవరిమీదా నమ్మకం లేనట్టు కళ్ళద్దాల పైనుంచి చూసే మనిషి. "రాయి దొరికిందా?" అంది. లుబెన్ నోరు తెరిచాడు. సరిగ్గా అప్పుడే వెనక నుంచి ఒక పాత కారు వచ్చి ఆగింది. అందులోంచి మిన్చో మేస్త్రీ దిగాడు. వారం రోజుల బట్టీ పని వల్ల కళ్ళు ఎర్రగా ఉన్నాయి, గడ్డం మాసి ఉంది.

"ఎవడ్రా నన్ను దొంగన్నది?" అన్నాడు గేటంతా దద్దరిల్లేలా. "నా ముఖం మీద అనండి! నా సారాలో కర్ర పెట్టిస్తారా? నా సంచీలో ఏముందో తెలుసా? పంచదార! బట్టీకి పంచదార!"

జనం రెండుగా చీలి దారిచ్చారు. మేస్త్రీ నేరుగా లుబెన్ మీదికి వచ్చాడు. రెండడుగుల దూరంలో టక్కున ఆగాడు. ముక్కు ఎగబీల్చాడు. తడిగీత చూశాడు, చక్రాల సంచీ చూశాడు, లుబెన్ ముఖం చూశాడు. ఆ ముఖంలో ఏముందో, మేస్త్రీ కోపం నీరుకారిపోయింది.

"ఓరి నాయనో," అన్నాడు చాలా మెల్లగా, లుబెన్‌కొక్కడికే వినపడేలా. "అదా సారూ? శనివారం కుప్ప ఖాళీగా ఉంది. బల్ల కింద గోనె చుట్టి పలకొకటి కనిపించింది. మీరే ముందుగా చూసి పెట్టుకున్నారనుకున్నాను. సిగ్గుపడి కుప్పలోదన్నారనుకున్నాను."

మేస్త్రీ కాసేపు నేల వైపు చూశాడు. తర్వాత మైకు వైపు తిరిగాడు.

"తప్పు నాదేనండీ," అన్నాడు పెద్ద గొంతుతో. "దొంగతనం కాదు, మతిమరుపు. శనివారం షెడ్డు సర్దుతూ ఆ రాయి నేనే వేరే చోట పెట్టి ఊరెళ్ళిపోయాను. సారుకేం తెలీదు. ఇప్పుడాయనే వెతికి పట్టుకున్నట్టున్నారు."

జనం హమ్మయ్య అన్నారు. ముసలావిడ మళ్ళీ కళ్ళొత్తుకుంది. "చూశారా, మన సారు ఎంత గొప్పవాడో! మేస్త్రీని ఒక్క మాటనకుండా ఎలా నిలబడ్డాడో చూడండి!"

అక్కడితో లుబెన్ వల్ల కాలేదు. పడేసి తిట్టినా, కొట్టినా తట్టుకునేవాడేమో. ఆ పొగడ్త తట్టుకోలేకపోయాడు.

"ఆయన అబద్ధం చెబుతున్నాడు," అన్నాడు. మైకు వైపు తిరిగాడు. "నా పేరు లుబెన్ జాగొరోవ్. ఈ బోర్డు రాసింది నేనే. రాయి పట్టుకుపోయింది కూడా నేనే. మా అత్తగారి క్యాబేజీ పీపాలో బరువుకని ఇంటికి రాయి కావాలని అడిగాను. ఆయన పొరపాటున ఇది పెట్టాడు, నేను చూసుకోలేదు. చూసుకోకుండా ఆయన్నే దొంగన్నాను. నిన్న తెలిసింది. తెలిశాక కూడా దొంగచాటుగా పెట్టేద్దామనే వచ్చాను. జూన్ నెలలో ఒక్క పెంకుముక్క కోసం ఆయన సంచీ బోర్లించాను. మేస్త్రీ, మీకు ముఖం చూపించలేకపోతున్నాను."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ముసలావిడ వచ్చి అతని జేబులోంచి జున్ను రొట్టె తీసేసుకుని వెళ్ళింది. గెర్గోవ్ మాత్రం ముఖమంతా నవ్వుతో, "చూశారుగా మేడం, వీళ్ళ చేతికి అప్పగిస్తే ఇంతే. ఇసుక పోయించమంటారా?" అన్నాడు.

కొలారోవా గారు రాయిని బల్ల మీద పెట్టించి, వంగి వాసన చూసింది.

"మొక్కజొన్న కంకి కూడా వేశారా?"

"రెండు," అన్నాడు లుబెన్ నేల వైపు చూస్తూ.

"మంచి పని. ఊటకు పసుపురంగు వస్తుంది." ఆవిడ జేబురుమాలుతో రాయి మీద తడి తుడిచింది. మళ్ళీ తుడిచింది. కళ్ళద్దాలు సరిచేసుకుంది. "ఈ సున్నం తీయడానికి మూడు నెలలు కావాలని మీ మ్యూజియం వాళ్ళే కదా రాశారు? ఇదంతా ఎవరు తీశారు?"

లుబెన్ అప్పుడు తలెత్తి చూశాడు. ముందురోజు సిగ్గులో, భయంలో, వెలికా గారు రుద్దిన సబ్బు నురగలో అతను రాయిని చూడనే లేదు. ఊట పులుపుకు సున్నమంతా కరిగిపోయింది. నల్లటి కొండరాయికి గీత కూడా పడలేదు. ఏడు వరుసల అక్షరాలు నిన్న చెక్కినట్టున్నాయి.

"చదవండి," అంది కొలారోవా గారు. "పైకి. ఇంతమంది దానికోసమే నిలబడ్డారు."

లుబెన్ చదివాడు. అక్షరాలు చూడగానే ముప్పయ్యేళ్ళ అలవాటు ముందుకొచ్చింది. "ఇది జలదేవతల చోటు. నగర సభ నిలిపిన హద్దురాయి. దీనికి లోపల ఎవరూ ఇల్లు కట్టరాదు, గొయ్యి తవ్వరాదు." జనంలో కలకలం రేగింది. గెర్గోవ్ నవ్వు ఆగిపోయింది. "ఈ రాయిని చోటు తప్పించి తన ఇంటికి మోసుకుపోయినవాడు..."

లుబెన్ ఆగిపోయాడు. చెవులు ఎర్రగా కందిపోయాయి.

"ఊఁ, కానివ్వండి," అంది కొలారోవా గారు. ఆవిడ ఆ వరుస అప్పటికే చదివేసినట్టుంది.

"...మోసుకుపోయినవాడు, తానే తిరిగి మోసుకొచ్చి, జనం నడుమ నిలబడి, తన పేరు తానే చెప్పుకుని సిగ్గుపడుగాక."

ముందు మిన్చో మేస్త్రీకి నవ్వొచ్చింది. ఆపుకుందామని బోర్డు స్తంభం పట్టుకున్నాడు, ఆగలేదు. ఆయన నవ్వుకు కూలీలు నవ్వారు, వాళ్ళకు మూడొందల మంది తోడయ్యారు. టీవీ కెమెరా ఊగిపోయింది. లుబెన్ మధ్యలో నిలబడి, నేల చీలితే బాగుండునని గోతి వైపు చూశాడు. గొయ్యి ఉంది కానీ, అందులోకి దిగే అధికారం ఇంక తనకుంటుందో లేదో తెలియదు.

"పద్దెనిమిది వందల ఏళ్ళలో ఈ చట్టం అక్షరం పొల్లుపోకుండా అమలైనది ఇవాళే అనుకుంటాను," అంది కొలారోవా గారు, నవ్వకుండానే. "శిక్ష అమలైనప్పుడు హద్దు కూడా అమలవ్వాలి. గెర్గోవ్ గారూ, మీ కార్లకు ఇంకో చోటు చూసుకోండి."

గొయ్యి నిలిచింది. లుబెన్‌ను ఏడాదిపాటు తవ్వకం పెద్దరికం నుంచి తీసేశారు. దానికి అతను బాధపడలేదు. ఆ మధ్యాహ్నమే నిచ్చెన వేసుకుని తన బోర్డు తనే ఊడదీశాడు. ఆదివారం మేస్త్రీ వాళ్ళ ఊరెళ్ళి, బట్టీ దగ్గర ఊరందరి ముందూ క్షమించమని అడిగాడు. నోటమాట సగంలోనే ఏడుపొచ్చింది. మేస్త్రీ అతని వీపు తట్టి, "క్షమాపణ నేనేం చేసుకుంటాను సారూ? వారం నుంచి తల పగిలిపోతోంది. మీ అత్తగారి ఊట ఒక సీసాడు పట్టుకురండి," అన్నాడు. తాగిన తలనొప్పికి దాన్ని మించిన మందు ఆ దేశంలో లేదు.

మరుసటి అక్టోబరుకి గోతి మీద అద్దం వేశారు. రాయిని దాని చోటులోనే నిలబెట్టారు. పక్కన రాగి పలక మీద కొలారోవా గారు ఒక వరుస పట్టుబట్టి చేర్పించింది: "శుభ్రపరచినవారు: శ్రీమతి వెలికా. పద్ధతి: క్యాబేజీ ఊట, ఆరు రోజులు." ఆ రాయి కింద ఊరిన క్యాబేజీ అంత రుచిగా ఎన్నడూ కుదరలేదని అపార్టుమెంటంతా ఒప్పుకుంది.

అద్దం తెరిచిన రోజు లుబెన్ అత్తగారిని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాడు. ఆవిడ ఈసారి కళ్ళద్దాలు మరిచిపోలేదు. తన పేరు రెండుసార్లు చదువుకుంది. అద్దం కింద దీపాల వెలుగులో ఒంటరిగా నిలబడ్డ రాయిని చాలాసేపు చూసి, నిట్టూర్చింది.

"అంత మంచి రాయి," అంది, "ఏ పనీ లేకుండా పడేశారు."